ఎంతవరకూ వచ్చింది

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నేను చూస్తూ ఉండగానే ఎవరో వచ్చి నా కూతుర్ని నా ఒళ్ళోంచి తీసుకుపోతారని. ఆ వచ్చేవాళ్ళు దొంగలు కారు. కేకలు వెయ్యరు, చెయ్యి లాగరు. మర్యాదగా ఓ మాట అడుగుతారు, నేను మర్యాదగా జవాబు చెబుతాను, వాళ్ళు పట్టుకుపోతారు.

ఈ ఉదయం మా వీధిలో జరుగుతున్న పనులన్నీ ఇళ్ళలోంచి బయటికి వచ్చి అరుగుల మీద కూర్చున్నాయి.

నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. ముందుగా ఎదురింటి బేబమ్మ వదిన వాళ్ళ మరుగుదొడ్డి వస్తోంది. దానికి గోడలు నడుము దాకానే లేచాయి, కప్పు లేదు. జారిపోతున్న ఇటుకల్ని చేత్తో అదిమి పట్టుకుని వచ్చి ఓ వారగా కూర్చుంటుంది. దాని వెనకాల చివరింటి వాళ్ళ పొలం గట్టు తగాదా కర్ర పొడుచుకుంటూ, దగ్గుకుంటూ వస్తుంది. మా నాన్నకంటే పెద్దది అది. వీధిలో ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. బేబమ్మ వదిన పాలగిన్నె పట్టుకుని వెళుతూ, "కాస్త కాళ్ళు ముడుచుకోండి బాబూ, దారికి అడ్డం" అంటుంది, అంతే.

మా ఇంట్లోంచి కూడా వస్తున్నాయి. మా అత్తగారి ఆవకాయ జాడీ, మూతికి వాసెన గుడ్డ కట్టుకుని. నేను అల్లుతున్న లేసు, వదులు కొస నేల మీద ఈడ్చుకుంటూ. మా ఆయన రావడం కూడా వచ్చి కూర్చుంది. మా ఆయన సూరిబాబు లారీ డ్రైవరు. ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చేస్తున్నా" అంటాడు. ఆ వచ్చెయ్యడమే ఇది. మోకాళ్ళ దాకా దుమ్ము, భుజం మీద తువ్వాలు ఉన్నాయి. మొహం మాత్రం ఇంకా లేదు.

దాని పక్కన సగంలో ఆగిపోయిన నా తొమ్మిదో తరగతి కూర్చుంది. రెండు జడలు, నీలం యూనిఫారం, ఒళ్ళో లెక్కల పుస్తకం. మణికట్టుకి ఎర్రదారం ఒకటి ఎప్పటినుంచో ఉంది, చర్మంలోకి దిగిపోయింది. నన్ను చూసి "అక్కా" అంటుంది. నాకు సిగ్గేసి తల వంచుకుని బియ్యంలోకి చూస్తాను.

అందరికంటే చివర నా కూతురు ధన్విత ఉంది. నేను దాన్ని దింపలేదు. ఇప్పటిదాకా నా చంకలో ఉన్న బరువు చంకలోనే ఉంది. పిల్ల మాత్రం అరుగు మీద కూర్చుని, అందని నేలకేసి కాళ్ళు ఊపుతోంది.

"అదేంటత్తయ్యా, ఇది వీటిలో కూర్చుంది?" అంటాను.

మా అత్తగారు అచ్చియ్యమ్మ వక్క కొరుకుతూ ఎగాదిగా చూస్తుంది. "ఇంకెక్కడ కూచ్చుంటదే? ఏడాదిన్నర నించీ జరుగుతున్న పనేగా అదీను."

నేను చేటలోంచి ఇంకో రాయి ఏరి పారేస్తాను.

మా వీధిలో ఆడవాళ్ళందరం లేసు అల్లుతాం. కొక్కెం సూదితో పువ్వులు అల్లేది మేము. ఆ పువ్వుల్ని ఒకదానికొకటి అతికి బల్లగుడ్డ చేసేది నరసాపురంలో వేరేవాళ్ళు. దాన్ని అతుకుపని అంటారు. అతికాక మా పువ్వులు ఎలా ఉంటాయో మేము ఎన్నడూ చూడం. మధ్యలో మంగాయమ్మగారు ఉంటుంది. వారం వారం బుట్ట పట్టుకుని వస్తుంది, గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి "ఎంతవరకూ వచ్చింది?" అని అడుగుతుంది. మేమందరం ఒకటే జవాబు చెబుతాం. "అయిపోవచ్చిందండి, ఇంక అతుకుపనే." సగం అల్లినా అదే మాట, అసలు దారం ఉండ విప్పకపోయినా అదే మాట. అలా అనకపోతే చీవాట్లు పడతాయి. అది అబద్ధమని ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసని మాకూ తెలుసు. ఒకరినొకరు బాగున్నారా అని అడిగినట్టు ఉంటుంది అది.

మంగాయమ్మగారు వీధి మొదట్లో కనిపిస్తోంది. బుట్టలో ఇవాళ రంగు దారాలు ఉన్నాయి.

"ఇవాళ్టి నించీ పద్ధతి మారిందమ్మా" అంటుంది చెప్పులు విడుస్తూ. "సాగుతున్నదానికి ఆకుపచ్చ దారం. ఆగినదానికి ఎర్రది. అయిపోయినదానికి తెల్లది. అయిపోయింది నాతో వచ్చేస్తుంది. చూడగానే తెలిసిపోవాలి, ఎవర్నీ అడగక్కర్లేదు."

"లేసు చూసేవారు కదండీ మీరు?" బేబమ్మ వదిన నడుం మీద చేతులేసుకుంటుంది. "మా దొడ్డితో మీకేం పనండి?"

"లేసే చూసేదాన్నమ్మా. ఇన్నీ బయటికొచ్చి ఎదురు చూస్తంటే పలకరించకుండా పోతే ఏం బాగుంటాది? మూడు ముక్కలే అడుగుతాను. నిన్న ఏం జరిగింది, ఇవాళ ఏం జరగాలి, ఏది అడ్డం. కథలు చెప్పకండి. మీరు కథ మొదలెడితే నాకు మధ్యాహ్నం అయిపోతది."

మరుగుదొడ్డి ఇటుకలు సర్దుకుంటుంది.

"నిన్న ఏం జరిగింది?"

"నిన్న నా మీదకి మేక ఎక్కిందండి."

"ఇవాళ ఏం జరగాలి?"

"మేక దిగాలండి."

"ఏది అడ్డం?"

"మేస్త్రీగారండి. ఫోనెత్తట్లేదు."

మంగాయమ్మగారు దానికి ఎర్రదారం కడుతుంది. "చూడు బేబమ్మా, ఎంత చక్కగా చెప్పిందో."

"మా ఆయన కంటే నయమేలెండి" అంటుంది బేబమ్మ వదిన. "ఆయన్నడిగితే ఆ మేక ఎవరిదో, వాళ్ళ తాత ఎవరో చెప్తాడు గానీ దొడ్డి సంగతి చెప్పడు."

గట్టు తగాదా మూడు ప్రశ్నలకీ కలిపి ఒక్కసారే "వాయిదా" అని దగ్గుతుంది. దానికి ఆకుపచ్చ దారం. వాయిదా పడిందంటే నడుస్తున్నట్టే లెక్క అంటుంది మంగాయమ్మగారు.

మా ఆయన రావడం లేచి నిలబడుతుంది.

"నిన్న?"

"నిన్న తణుకు దాటానండి."

"ఇవాళ?"

"తణుకు దాటాలండి."

"ఏంటి అడ్డం?"

"తణుకేనండి."

"నా కొడుకు పోలికే" అంటుంది మా అత్తగారు, కొంగుతో దాని మోకాళ్ళ దుమ్ము దులుపుతూ. దానికీ ఆకుపచ్చ దారమే కడుతుంది మంగాయమ్మగారు.

ఆవకాయ జాడీ వంతు వస్తుంది. మా అత్తగారు జాడీని మాట్లాడనివ్వదు. "దాన్నడిగేదేంటండి, నన్నడగండి. నూనె పోశాను, కలిపాను, ఊరింది. అయిపోయింది."

మంగాయమ్మగారు తెల్లదారం కడుతుంది. జాడీ అరుగు దిగి నడిచి వెళ్ళి బుట్టలో కూర్చుంటుంది. ఇంట్లో అలమర గూటిలో జాడీ ఉండే చోటు పెదాలు మూసుకున్నట్టు మూసుకుపోతుంది. మా అత్తగారు నాలుక చప్పరించుకుంటుంది.

"ఇదేంటే, నోరంతా చప్పగా ఉంది. నేనెప్పుడైనా ఆవకాయ పెట్టానంటావా?"

"ఏటేటా పెడతారు కదండీ."

"పోవే. నాకసలు చేతకాదు. మా అమ్మా నేర్పలేదు."

నేను చేట కింద పెడతాను. తెల్లదారం అంటే ఏంటో నాకు ఇప్పుడు తెలుస్తోంది. పట్టుకుపోవడం ఒక్కటే కాదు. అది ఉన్న చోటు కూడా మూసుకుపోతుంది.

నా తొమ్మిదో తరగతి అప్పటికే లేచి నిలబడి, చేతులు కట్టుకుని ఉంది.

"నిన్న ఏం జరిగింది?"

"లెక్కల మేడం సగం లెక్క చేయించారండి. గంట కొట్టేశారు."

"నిన్నా?"

"నాకు నిన్నేనండి."

మంగాయమ్మగారు దాని మణికట్టు చూసి, పాతదారమే బాగుందని వదిలేస్తుంది. వచ్చి ధన్విత ముందు వంగుతుంది. పిల్ల ఆవిడ ముక్కుపుడక పట్టుకోబోతుంది. ఆవిడ నవ్వుతుంది. నవ్వుతూనే నా వైపు తిరుగుతుంది.

"ఇది ఎంతవరకూ వచ్చింది, వీరవేణీ?"

నా నోరు దానంతట అది తెరుచుకుంటుంది. దానికి ఆ ప్రశ్న తెలుసు. ఇన్నేళ్ళుగా తెలుసు.

"అయిపోవచ్చిందండి" అంటాను. "ఇంక అతుకుపనే."

ఆ మాట గాల్లోనే తెల్లదారం అయిపోతుంది. మంగాయమ్మగారు దాన్ని అందుకుని నా కూతురి చీలమండకి చుడుతుంది.

ఇంట్లో దూలానికి కట్టిన ఉయ్యాల చీర ముడులు విప్పుకుంటోంది. నాకు గుమ్మంలోంచి కనిపిస్తోంది. విప్పుకున్న చీర నేల మీదకి దిగి, తనని తాను మడత పెట్టుకుంటోంది, అంచుకి అంచు కలిపి, నేను పెట్టేదానికంటే శుభ్రంగా. నా చంకలో బరువు తేలికపడుతోంది. పిల్లకి ఏ చెవి వెనకాల పుట్టుమచ్చ ఉందో ఆలోచిస్తాను. ఉందని గుర్తుంది. ఏ చెవో గుర్తు రాదు.

"మంగాయమ్మగారూ, కాదండీ. అలవాటుగా అనేశానండి."

"అందరూ అలవాటుగానే అంటారమ్మాయ్. నేనూ అలవాటుగానే పట్టుకెళ్తాను."

"అవ్వలేదండీ అది. నడక రాలేదు. మాట రాలేదు. అత్త అనదు, తాత అనదు. పళ్ళు కూడా పైన సగమే వచ్చినయ్యి. మీరే చూడండి." నేను పిల్ల నోరు తెరిచి చూపిస్తాను. పిల్ల నా వేలు కొరుకుతుంది. ఆ నొప్పి ఎంతో బాగుంది.

"సగమే అయితే సాగుతుందని చెప్పు, ఆకుపచ్చది కడతాను. ఎంత అయిందో, ఇంకెంత మిగిలిందో చెప్పు."

"ఎంత మిగిలిందో నాకెలా తెలుస్తుందండి?"

"తెలీకపోతే ఆకుపచ్చ కుదరదు."

"పోనీ ఆగిందనుకోండి. ఎర్రది కట్టండి."

"ఆగిందంటే అడ్డం ఉండాలి. ఏది అడ్డం?"

నేను వెతుకుతాను. జ్వరం లేదు. కాళ్ళు గట్టిగానే ఉన్నాయని నర్సమ్మ చెప్పింది. పాలు తాగుతుంది, నవ్వుతుంది. అడ్డం కోసం గుమ్మం వెనకాల చూస్తాను, బిందె కింద చూస్తాను. మంగాయమ్మగారు ఓపిగ్గా నిలబడి ఉంది. బుట్ట నెమ్మదిగా వెడల్పవుతోంది, ఒక పిల్ల పట్టేటంత.

"చెప్పవే" అంటుంది మా అత్తగారు. ఆవిడ గొంతులో వెటకారం లేదు. "దాన్ని ఎప్పుడన్నా నేల మీద దింపావా? తేలుందంటావు. కాలవుందంటావు. మెట్టుందంటావు. నేను దింపితే లాక్కుపోతావు. చంకన ఉన్న పిల్లకి నడకెక్కణ్ణించి వస్తుందే?"

వీధిలో అందరూ నా వైపు చూస్తున్నారు. మరుగుదొడ్డి కూడా.

"నేనే అడ్డమండి" అంటాను.

మంగాయమ్మగారు తల ఊపుతుంది. తెల్లదారం విప్పుతుంది. అదే సమయంలో ధన్విత అరుగు మీంచి జారి, నేల మీదకి దిగి, స్తంభం పట్టుకుని నిలబడుతుంది. అది నిలబడడం నేను చూడడం ఇదే మొదలు. స్తంభం వదిలేసి, నా వైపు చూసి, కుడికాలు ఎత్తుతుంది.

ఎర్రదారం ముడి పడుతుంది.

కాలు గాల్లో అలాగే ఉండిపోతుంది. నవ్వబోయిన నోరు సగంలో ఉంది. చెంప మీద వాలబోయిన ఈగ చెంపకి కాస్త ఇవతల ఆగి ఉంది. పిల్ల పడదు. ఒంటికాలి మీద, ఏ కష్టమూ లేకుండా నిలబడి ఉంది.

మంగాయమ్మగారు బుట్ట ఎత్తుకుని పక్కింటికి వెళుతుంది. ఉయ్యాల చీర తిరిగి దూలం ఎక్కి ముడులు వేసుకుంటోంది. పుట్టుమచ్చ ఎడమ చెవి వెనకాల అని గుర్తొస్తుంది. నేను నేల మీద కూలబడి నవ్వుతాను. నా పిల్ల ఎక్కడికీ పోదు. దాన్ని తేలు కుట్టదు, అది కాలవలో పడదు. నేను చూస్తూ ఉండొచ్చు. అంతకంటే నాకేం కావాలి?

అన్నం మెత్తగా పిసికి, ముద్ద చేసి నోట్లో పెడతాను. ముద్ద అక్కడే ఉంటుంది. కాసేపు పోయాక తీసేస్తాను. దాని కొత్త గౌను తెచ్చి వెయ్యబోతాను. ఎత్తిన కాలు దగ్గర పట్టేసింది. జుట్టు దువ్వుతాను. దువ్వెన వెనకాల జుట్టు ముందున్నట్టే వచ్చి సర్దుకుంటుంది.

"మా నాన్న కూడా అలాగే అన్నాడక్కా" అంటుంది నా తొమ్మిదో తరగతి.

నేను దాని వైపు తిరుగుతాను. ఇన్నేళ్ళలో అది నాతో ఇంత మాట్లాడడం ఇదే.

"ఎలాగ?"

"నేనే అడ్డం అని. బడి కాలవ అవతల కదా. బల్లకట్టు తిరగబడిందని ఎవరో చెప్పారు, వేరే ఊళ్ళో. ఆ రాత్రంతా నిద్దరోలేదు. పొద్దున్నే ఒకావిడ వచ్చి అడిగింది. మా అమ్మాయికి ఏమన్నా అయితే నేను బతకలేను, నేనే అడ్డం అన్నాడు. ఏడుస్తూనే అన్నాడక్కా. కోపంతో కాదు."

"నాకు తెలుసు" అంటాను.

"నాకేమీ అవలేదు" అంటుంది అది, చేతిలో లెక్కల పుస్తకం తిప్పి చూసుకుంటూ. "చూడు. నాకు ఇప్పటిదాకా ఏమీ అవలేదు."

పుస్తకంలో అదే పేజీ తెరిచి ఉంది. లెక్క సగం దాకా ఉంది. సమానం గుర్తు ఉంది, దాని తర్వాత ఖాళీ.

నేను లేచి పరిగెడతాను.

వీధి ఇప్పుడు పొద్దుటికంటే పొడుగ్గా ఉంది. మంగాయమ్మగారు చివర తూము దగ్గర కూర్చుని ఉంది. వీధి దారాల కొసలన్నీ ఆవిడ పిడికిట్లో ఉన్నాయి. వాటిని పేని ఒక్క తాడు చేస్తోంది. పేనగా పేనగా రంగులన్నీ కలిసి మట్టి రంగు అయిపోయాయి.

"ఉండమ్మాయ్, పైవాళ్ళకి చెప్పెయ్యాలి. ఇన్ని చెబితే వాళ్ళకి వినే తీరిక ఉండదు. వీధంతటికీ కలిపి ఒక్క మాట చాలు." తూములోకి వంగి, "సాగుతోంది" అంటుంది. ఆ మాట కాలవ నీళ్ళ మీద తేలుకుంటూ నరసాపురం వైపు వెళ్ళిపోతుంది.

"ఆగినవాటి మాటేంటండి? మా పిల్ల ఒంటికాలి మీద ఉంది."

"సాగుతోందన్న దాంట్లో ఆగినవీ ఉంటాయమ్మా. కలిపి చెప్పడమంటే అదే."

"ఆ ఎర్రదారం తీసెయ్యండి."

"ఇందాకే కదా కట్టమన్నావు?"

"ఆగిపోతే ఎలా ఉంటుందో నాకు తెలియదండి అప్పుడు." ఆ మాట అంటూనే, తెలుసని తెలుస్తుంది. అది నా ఇంటి అరుగు మీదే ఇన్నేళ్ళూ కూర్చుని ఉంది. "కాదండి, తెలుసు. అయినా కట్టమన్నాను."

మంగాయమ్మగారు తాడు పేనుతూనే తలెత్తుతుంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, చూపు మాత్రం పని మీదే ఉంది.

"నేను తియ్యనమ్మాయ్. ముడి పడ్డాక దారం నా చేతుల్లో ఉండదు. అడ్డం తొలిగితే అదే ఆకుపచ్చ అవుతుంది."

"నేనా తొలగాల్సింది?"

"నువ్వేగా చెప్పావు."

"ఎంత దూరం తొలగాలండి?"

"అది పిల్ల చెబుతుంది. నన్నడిగితే ఎలా?"

వెనక్కి వస్తాను. ధన్విత అలాగే ఉంది. ఈగ అలాగే ఉంది. దాని ఎదురుగా నిలబడతాను, ముట్టుకోవడానికి వీలుగా, ఎప్పుడూ నిలబడేటంత దగ్గరగా. చేతులు రెండూ ముందుకు చాపుతాను, పడితే పట్టుకోవడానికి. ఒక అడుగు వెనక్కి వేస్తాను.

గాల్లో ఉన్న కాలు నేల మీదకి దిగుతుంది. ఈగ చెంప మీద వాలుతుంది. పిల్ల ఈగని తోలుకుని, నవ్వడం పూర్తి చేస్తుంది. ఎర్రదారంలో ఒక పోగు ఆకుపచ్చ అయింది.

ఇంకో అడుగు వెనక్కి వేస్తాను. ఇంకో కాలు లేస్తుంది, దిగుతుంది.

"అమ్మో, నడుస్తుందే!" బేబమ్మ వదిన గిన్నె కింద పెట్టి చప్పట్లు కొడుతుంది. "వొదినా, నీ కూతురు నడుస్తుందే!"

నేను ఆగుతాను, దాన్ని ఎత్తుకుందామని. అది ఆగిపోతుంది. నేను ఒక అడుగు ముందుకు వేస్తాను. అది ఒక అడుగు వెనక్కి తీసుకుంటుంది, మోకాళ్ళు వణుకుతాయి, మొహం పసిదవుతుంది. దారం మళ్ళీ ఎర్రబారుతుంది. నేను ఇక ముందుకు వెయ్యను.

వెనక్కి నడుస్తున్నాను. మా అరుగు దాటింది. బేబమ్మ వదిన అరుగు దాటింది.

"ఎక్కడికే వెనక్కెనక్కి?" మా అత్తగారు కేకేస్తుంది.

"పిల్ల నడుస్తోందత్తయ్యా."

"నడిస్తే నడవనీ, నువ్వు ఆగు! వెనకాల కాలవుంది, చూసుకో!"

"వెనక్కి తిరిగితే ఆగిపోతుందండి."

మా అత్తగారు అరుగు దిగి వచ్చి, పిల్ల పక్కన నడవడం మొదలుపెడుతుంది, ముట్టుకోకుండా, ఒక చెయ్యి దాని వీపు వెనకాల గాల్లో ఉంచి. నడుస్తూ ఏదో చప్పరించి, "కారం ఎక్కువైంది ఈసారి" అంటుంది తనలో తను. బుట్టలోంచి జాడీ తిరిగొచ్చిందో, నాలుకే దాన్ని వెతుక్కుందో నాకు తెలియదు.

కాలవ వస్తుంది. నా మడమలు నీళ్ళ మీద ఆనుతాయి. నీళ్ళు తాటాకు చాపలా కాస్త లోపలికి వంగి, నన్ను మొయ్యగలనో లేదో ఆలోచించి, మోస్తాయి. నేను అవతలి గట్టు ఎక్కేసరికి ధన్విత కాలవ ఒడ్డుకి వచ్చింది. నా గుండె ఆగిపోతుంది. నా కాళ్ళు ఆగవు. అది నీళ్ళని చూసి, ఆగి, పక్కనున్న వంతెన చూసి, వంతెన మీదుగా వస్తుంది. ఆ వంతెన ఉందని నేను దానికి చెప్పలేదు.

నేను ఒకటి గమనిస్తున్నాను. నేను వెనక్కి పోయేకొద్దీ అది దూరమవుతోంది కాబట్టి చిన్నగా కనిపించాలి. నడిచేకొద్దీ అది పెరుగుతోంది కాబట్టి పెద్దగా కనిపించాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. నా కంటికి నా కూతురు ఎప్పుడూ అదే ఎత్తు. సరుగుడు తోట దగ్గర దాని జుట్టు భుజాలు దాటింది. ఉప్పుటేరు దగ్గర గౌను పోయి పరికిణీ వచ్చింది. ఎత్తు మాత్రం పొద్దున అరుగు మీద ఉన్నంతే.

నాతో ఏదో అంటోంది. దానికి మాటలు వచ్చాయి. మొదటి మాట ఏం అన్నదో నాకు వినిపించలేదు. గాలి అటువైపు వీస్తోంది. దాని పక్కన నడుస్తున్న మా అత్తగారికి వినిపించి ఉంటుంది. ఆవిడ నవ్వుతోంది, తల మీద చెయ్యి వేసి మెటికలు విరుస్తోంది.

"ఏవందత్తయ్యా?" అని అరుస్తాను.

ఆవిడ చెబుతుంది. పెదాలు కదలడం కనిపిస్తుంది.

ఇసక అయిపోయి సముద్రం మొదలవుతుంది. అల వెనకనుంచి వచ్చి నా పిక్కల్ని తడపకుండా పక్కకి తప్పుకుంటుంది. నీళ్ళ మీద నడవడం కాలవ కంటే తేలిక, ఇక్కడ నీళ్ళు లోపలికి వంగవు.

ఇక్కడ నేను ఒక్కదాన్నే కాదు. కనిపించినంత మేరా ఆడవాళ్ళు ఉన్నారు. అందరూ ఒడ్డు వైపు తిరిగి, చేతులు రెండూ ముందుకు చాపుకుని, వెనక్కి నడుస్తున్నారు. ఒక్కరు కూడా ఇంకొకరికి తగలడం లేదు. కొందరి చేతులు ముడతలు పడ్డాయి, మోచేతుల దగ్గర వణుకుతున్నాయి, అయినా చాపే ఉన్నాయి. ఒకావిడ చేతుల మీద కొంగలు వాలి నిద్రపోతున్నాయి. ఆవిడ వాటిని తోలడం లేదు, ఎందుకంటే తోలాలంటే చెయ్యి దించాలి.

"కొత్తగా వచ్చావా?" అంటుంది నా పక్కన ఉన్న ముసలావిడ, తల తిప్పకుండా.

"ఆయ్, ఇప్పుడేనండి. మీ వాళ్ళు ఎక్కడిదాకా వచ్చారండి?"

"నాకు కనిపించి చాలా కాలమైందమ్మా. నడుస్తూనే ఉన్నాడనుకుంటన్నాను. నేను నడుస్తన్నానుగా."

నా వీపుకి ఏదో తగులుతోంది. ఆకాశం. ఇంత కిందికి ఉంటుందనుకోలేదు. మెత్తగా, ఉతికి ఆరేసిన పాత చీరలా ఉంది. వెనక్కి అడుగు వేస్తే నా వీపు ఆకారంలో లోపలికి పోతోంది. చుట్టూ అమ్మలందరి వీపులూ ఆకాశాన్ని అలాగే లోపలికి నెడుతున్నాయి. అది చిరగడం లేదు. లోపల ఇంకా చోటుంది.

ఒడ్డు ఇప్పుడు ఒక గీత. నా కూతురు ఆ గీత మీద నిలువుగా ఉంది, అదే ఎత్తులో. సముద్రం మధ్యలో కాస్త ఉబ్బి ఉంటుందట, ముసలావిడ చెబుతోంది. అందుకని ముందుగా పాదాలు మరుగవుతాయట. నిజమే. ధన్విత పాదాలు నీళ్ళ కింద పడిపోయాయి. ఇప్పుడు మోకాళ్ళు. పైన నడుము, భుజాలు, జడ కనిపిస్తున్నాయి. నడుస్తోందో, ఒంటికాలి మీద నిలబడి ఉందో పాదాలు చూడకుండా ఎలా చెప్పడం?

నేను ఆగలేను. ఆగితే అది ఆగుతుంది. తిరిగి రాలేను.

ఇది వింటున్న మీరు ఒడ్డు వైపే ఉన్నారు కదా. ఒకసారి వెళ్ళి చూడండి. కాలవ వంతెన దాటాక, సరుగుడు తోట పక్కన ఇసక దారి. ఎడమ చెవి వెనకాల పుట్టుమచ్చ ఉంటుంది. పేరు పెట్టి పిలవకండి, నా గొంతనుకుని వెనక్కి తిరుగుతుంది. పాదాలు మాత్రం చూడండి, కదులుతున్నాయో లేదో. పడి ఉంటే వెంటనే ఎత్తుకోకండి. కాసేపు పక్కన నిలబడండి. దానంతట అది లేస్తుందేమో చూడండి.